గార్డు అడ్డం వస్తోందన్నా, తీసేయమంటావా?

విడవలూరు వైపు నుంచి ఒక తమ్ముడు రాశాడు. ఉత్తరం పెద్దదే గానీ అసలు సంగతి ఇది:

"అన్నా, మాకు రెండు రొయ్యల గుంటలున్నాయి. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల ఫ్రేములు ఉప్పునీళ్ళకి తుప్పు పట్టిపోతుంటే ప్రతిసారీ నెల్లూరికి మోసుకుపోలేక ఇనుము కోసే నాలుగంగుళాల గ్రైండర్ ఒకటి కొన్నా. బిగుసుకుపోయిన బోల్టులు, ఇనుప యాంగిల్ ముక్కలు కోసినంతకాలం బాగానే ఉంది. మొన్న సరుగుడు గుంజలు కోద్దామని మా బావమరిది చెక్క కోసే పళ్ళ బ్లేడు తెచ్చి బిగించాడు. తిరిగే బిళ్ళకి అడ్డంగా కప్పుండే గార్డుకి అది తగులుతుంటే గార్డు తీసేశాం. రెండో గుంజకే మెషిన్ ఎగిరి తొడ మీదకొచ్చింది. లుంగీ చిరిగింది, ఆరు కుట్లు పడ్డాయి. దాన్ని అమ్మేస్తేగానీ పొయ్యి వెలిగించనని అమ్మ కూర్చుంది. మా ఊళ్ళో వెల్డింగ్ ఆయన ఇరవై ఏళ్ళుగా గార్డు లేకుండానే చేస్తున్నాడు, ఆయనకేం కాలేదు. గార్డు నిజంగా కావాలా? ఏ పనికి ఏ బిళ్ళ వేయాలి? మెషిన్ ఉంచుకోమంటావా, అమ్మేయమంటావా?"

తమ్ముడూ, ముందు కుట్ల సంగతి. అవి మానేదాకా గుంటలోకి దిగమాకు, ఆ నీళ్ళు పచ్చిపుండుకి మంచివి కావు. టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నావో లేదో రాయలేదు, వేయించుకోకపోతే మిగతాది తర్వాత చదువుదువుగానీ ముందు ఆ పని చూడు. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం పోతుంది, అది తెగితే 108 వచ్చేదాకా కూడా టైం ఉండదు. నిన్ను భయపెట్టాలని కాదు, మీ అమ్మ కోపంలో న్యాయముందని చెబుతున్నా.

ఇక గార్డు. కావాలా వద్దా అని అడిగావు. నేనైతే వేరేది అడుగుతా, అసలు గార్డు ఎందుకు అడ్డమొచ్చింది? కంపెనీవాడు ఆ మెషిన్‌కి ఎంత సైజు బిళ్ళ పడుతుందో, ఎంత మందం పడుతుందో చూసుకునే గార్డు చేశాడు. ఆ మెషిన్‌ది అయిన బిళ్ళ వేస్తే అది గార్డుకి తగలదు. తగిలిందంటే గార్డు నీకు ఒక మాట చెబుతోందన్నమాట, ఈ బిళ్ళ నాది కాదు అని. నేను షాపు పెట్టి 19 ఏళ్ళయింది, గార్డు ఊడదీసి మెషిన్ తెచ్చిన ఎవరిని కదిలించినా ఇవే కారణాలు: ఐదంగుళాల బిళ్ళ పట్టడం లేదనో, చెక్క బ్లేడు వేశామనో, లేదంటే మూలల్లో చెయ్యి తిరగడం లేదనో. మూడోదానికి మందు చాలా చిన్నది, గార్డు కింద స్క్రూ ఒకటుంటుంది, దాన్ని వదులు చేసి గార్డుని కావాల్సిన వైపు తిప్పుకుని మళ్ళీ బిగించుకోవడమే. గార్డు తిరుగుతుందన్న సంగతే చాలామందికి తెలియదు!

మీ ఊరి వెల్డింగ్ ఆయన మాటకొస్తే, ఈసారి ఆయన దగ్గరికి పోయినప్పుడు చేతులు కాస్త దగ్గర్నుంచి చూడు. ఎన్నిసార్లు తృటిలో తప్పిందో అడుగు. టీ తాగుతూ నవ్వుకుంటూ ఆయనే చెబుతాడు.

ఇప్పుడు వేగం లెక్క చెబుతా, ఎందుకంటే అది తలకెక్కితే మిగతాదంతా నేను చెప్పకపోయినా అర్థమవుతుంది. నీ నాలుగంగుళాల మెషిన్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది, కంపెనీని బట్టి కాస్త అటూఇటూ. ఆ లెక్కన బిళ్ళ అంచు గంటకి 200 కిలోమీటర్ల పైన పరిగెడుతోంది. మన నెల్లూరు స్టేషన్లో ఆగే వందేభారత్ కూడా అంత వేగం పోదు. అందులోంచి ఒక ముక్క ఊడితే అది వచ్చి పొడిచేదాకా నువ్వు రెప్ప కూడా వేయలేవు. అలా ఊడకుండా ఉండాలనే ప్రతి బిళ్ళ మీదా అది తట్టుకునే గరిష్ఠ వేగం ముద్రిస్తారు. నాలుగంగుళాల దాని మీద 15,000 పైన ఉంటుంది, ఐదంగుళాల దాని మీద 12,200, ఏడంగుళాల దాని మీద 8,500 దాకా, తొమ్మిదంగుళాల దాని మీద 6,600 చిల్లర. చూశావా, బిళ్ళ పెద్దదయ్యేకొద్దీ తట్టుకునే చుట్లు తగ్గిపోతాయి. నీ మెషిన్ మీద రాసిన అంకె కన్నా బిళ్ళ మీది అంకె ఎక్కువ ఉండాలి, తక్కువైతే దాన్ని బిగించకూడదు, అంతే.

నేను పని నేర్చుకున్న షాపులో (పేరెందుకులే) పెద్ద కటాఫ్ మెషిన్‌లో అరిగిపోయిన పద్నాలుగంగుళాల బిళ్ళల్ని పారేసేవాళ్ళు కాదు. అరిగి అరిగి అరచేతంత అయ్యాక, మధ్య బొక్కలో వాషర్లు సర్ది చిన్న గ్రైండర్‌లో వేసేవాళ్ళు, డబ్బు మిగిలిందని సంబరం. అంత పెద్ద బిళ్ళ నిమిషానికి నాలుగు వేల చుట్లకి చేసింది, దాన్ని పదకొండు వేల మెషిన్‌లో పెడితే ఏమవుతుంది? ఒకరోజు పేలింది. ఒక ముక్క పై రేకులో గుచ్చుకుంది, ఇంకోటి నా ఎడమ బొటనవేలి మొదట్లో కండ తీసుకుపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, చలికాలం లాగుతుంది కూడా. అరిగితే సైజు తగ్గుతుంది గానీ బొక్క మారదు, గట్టిదనం కూడా రాదు. నాలుగంగుళాల బిళ్ళ బొక్క 16 మిల్లీమీటర్లు, ఐదు నుంచి తొమ్మిదంగుళాల వాటిది 22, పద్నాలుగంగుళాల దానిది 25 పైన, అందుకే వాషర్ సర్దాల్సి వచ్చిందంటేనే ఏదో తప్పు జరుగుతున్నట్టు.

కొనేటప్పుడు ఇంకోటి చూడు. బిళ్ళ మధ్యలో ఉన్న ఇనుప రింగు మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. అది తయారైన తేదీ కాదు, గడువు తేదీ. బంక పదార్థంతో అతికించిన బిళ్ళలు కాబట్టి మూడేళ్ళు దాటితే ఆ పట్టు నమ్మడానికి లేదు. మన తీరంలో గాలికే ఉప్పు, తేమ. పాకలో నేల మీద పడేసిన బిళ్ళ ఇంకా ముందే చెడుతుంది. డబ్బాలో పెట్టుకో. కింద పడిన బిళ్ళకి చిన్న పగులు కనిపించినా, అనుమానమొచ్చినా, విరిచి పారేయి. విరవకుండా పారేస్తే నీ బావమరిది ఏరుకొచ్చి మళ్ళీ బిగిస్తాడు.

బావమరిది అంటే ఇప్పుడు చెక్క బ్లేడు సంగతి. నీ తొడకి తగిలిన దెబ్బకి లెక్క ఇదీ. ఇనుము కోసే బిళ్ళ గీకుతుంది, ఇసుక కాగితంలా పొడిపొడిగా తీస్తుంది. పళ్ళ బ్లేడు గీకదు, కొరుకుతుంది. సరుగుడు కట్టెలో కణుపు తగిలినా, గుంజ కాస్త కదిలి బ్లేడుని నొక్కినా పన్ను ఇరుక్కుంటుంది. బ్లేడు ఆగుతుంది, మోటారు ఆగదు, అప్పుడా బలమంతా మెషిన్‌నే తిప్పి ఎగరేస్తుంది. చెక్క కోసే అసలు మెషిన్‌కి కింద పలక ఉంటుంది, ఎంత లోతు దిగాలో అది పట్టుకుంటుంది. గ్రైండర్‌కి అలాంటిది లేదు, నీ మణికట్టే దానికి పలక. పైగా నువ్వు పక్క హ్యాండిల్ పెట్టావని కూడా రాయలేదు. గ్రైండర్‌తో పాటు వచ్చే పుస్తకం తీసి చూడు, పళ్ళ బ్లేడు గానీ, గొలుసు రంపం పళ్ళున్న బిళ్ళ గానీ బిగించొద్దు, ఎగిరి అదుపు తప్పుతుందని రాసే ఉంటుంది. దుకాణాల్లో మాత్రం పక్కపక్కనే వేలాడుతుంటాయి, నాలుగంగుళాలకి పడుతుందన్నా అని అమ్మేస్తారు. పడుతుంది, ఎందుకు పట్టదు, పట్టడం వేరు పనికిరావడం వేరు. గుంజలు కోయడానికి మామూలు చేతి రంపం చాలు, ఎక్కువుంటే గొలుసు రంపం ఉన్నవాడికి రోజుకింత అని కూలి ఇచ్చెయ్. ఆరు కుట్లకి డాక్టర్‌కి ఎంతిచ్చావో గుర్తు తెచ్చుకో.

నీకు కావాల్సిన బిళ్ళలు మూడే. సన్నటి కటింగ్ బిళ్ళ, ఒక మిల్లీమీటరు లేదా కాస్త పైన మందం, యాంగిలూ పైపూ బోల్టూ కోయడానికి. దాన్ని నిలువుగానే పట్టాలి, అడ్డంగా ఒరిపి గీకడానికి వాడితే వంగి పగులుతుంది. వెల్డింగ్ గడ్డలు తీసేయడానికి ఆరు మిల్లీమీటర్ల మందం గ్రైండింగ్ బిళ్ళ, దాన్ని ఏటవాలుగా, పాతిక ముప్పై డిగ్రీలు వంచి ఆనిస్తే చాలు. తుప్పు, పాత పెయింటు గీకడానికి రెక్కరెక్కలుగా ఇసుక కాగితాలు అతికించిన ఫ్లాప్ డిస్క్, ఇది ఇంకా పడుకోబెట్టి వాడాలి. ఏరియేటర్‌లో స్టెయిన్‌లెస్ స్టీల్ షాఫ్టు ఉంటే దానికి ఐనాక్స్ అని రాసున్న బిళ్ళ విడిగా పెట్టుకో (సినిమా హాలు కాదు, స్టెయిన్‌లెస్‌ని అలా అంటారు). మామూలు ఇనుము కోసిన బిళ్ళతోనే దాన్నీ కోస్తే ఇనుప రజను అంటుకుని స్టీలు మీద కూడా తుప్పు పట్టినట్టు మచ్చలొస్తాయి.

వైర్ బ్రష్ గురించి మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. తుప్పు వదిలించడానికి అందరికీ అదే ఇష్టం, నాకూ ఇష్టమే. కానీ దాని తీగలు తిరుగుతూ తిరుగుతూ ఒక్కొక్కటే ఊడి సూదుల్లా ఎగురుతాయి, పని అయ్యాక చొక్కాలోంచి రెండు మూడు ఏరుకోవడం మామూలే. మామూలు కళ్ళద్దాలతో ఆ పని చేయొద్దు, ముఖమంతా కప్పే షీల్డ్ పెట్టుకో.

బిగించే పద్ధతి: ప్లగ్గు పీకాలి. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు పీకాలి. స్పిండిల్ లాక్ (బిళ్ళ తిరగకుండా పట్టుకునే బటన్) నొక్కి, మెషిన్‌తో వచ్చిన రెండు కాళ్ళ పానాతోనే నట్టు తిప్పు, ఉలీ సుత్తీ పెట్టి కొట్టమాకు. కింద వాషర్ సరిగా కూర్చుందా చూసుకో. సన్న బిళ్ళకి నట్టు ఒక వైపు, మందం బిళ్ళకి ఇంకో వైపు తిప్పి వేసే మెషిన్లు ఉంటాయి, పుస్తకంలో బొమ్మ ఉంటుంది. కొత్త బిళ్ళ వేశాక ఎవరూ లేని వైపు తిప్పి పట్టుకుని ఒక నిమిషం ఊరికే తిరగనివ్వు, పేలేదైతే ఇప్పుడే పేలుతుంది. ఇక బిళ్ళ తిరుగుతుండగా ఆ లాక్ బటన్ నొక్కితే మెషిన్ గేర్లకి కర్మకాండ చేసినట్టే, దాని ధర గుర్తుంచుకో.

ఇప్పుడు నువ్వు అడగనిది, కానీ ఇనుము కోసేటప్పుడు దెబ్బలు ఎక్కువగా పడేది ఇక్కడే. యాంగిల్‌ని రెండు ఇటుకల మీద అటు ఒక కొస, ఇటు ఒక కొస పెట్టి మధ్యలో కోస్తారు చూడు, నువ్వూ అలాగే కోస్తావని పందెం. కోత సగానికి రాగానే ఆ రెండు ముక్కలూ మధ్యకి కుంగుతాయి, గాడి మూసుకుంటుంది, బిళ్ళ మధ్యలో నలుగుతుంది. అంతే, సన్నటి బిళ్ళయితే ముక్కలవుతుంది, మెషిన్ అయితే మీదకొస్తుంది. యాంగిల్‌ని బల్లకి వైస్‌తోనో క్లాంపుతోనో బిగించి, కోసే చోటు బల్ల అంచు బయట ఉండేలా పెట్టుకుంటే కోసిన ముక్క కిందకి వాలి గాడి తెరుచుకుంటుంది, బిళ్ళ నలగదు. కాలితో తొక్కి పట్టి కోయడం మన వైపు అందరూ చేసే పనే, ఆ తొక్కిన కాలి వేళ్ళు బిళ్ళకి ఎంత దూరంలో ఉంటున్నాయో ఒకసారి కొలిచి నాకు రాయి. నువ్వు కూడా బిళ్ళకి ఎదురుగా, వరసలో నిలబడకు, కాస్త పక్కకి ఉండు. రెండు చేతులూ మెషిన్ మీదే ఉండాలి, పక్క హ్యాండిల్ అందుకే ఇచ్చారు. స్విచ్ ఆపాక బిళ్ళ పూర్తిగా ఆగేదాకా కింద పెట్టకు, పది సెకన్లు ఓపిక పట్టు.

కరెంటు గురించి చెప్పకపోతే గుంటల దగ్గర పని గురించి ఏం చెప్పినట్టు? నీ గ్రైండర్ స్విచ్ ముందుకు తోస్తే అక్కడే బిగిసిపోయే రకమైతే, కరెంటు పోయినప్పుడు అది ఆన్‌లోనే ఉండిపోతుంది. నాకొకసారి జరిగింది: కరెంటు పోయింది, మెషిన్ నేల మీద పెట్టి టీకి పోయా, వచ్చేసరికి కరెంటు వచ్చి అది నేల మీద కోడిపుంజులా గెంతుతూ దాని వైరు అదే కోసుకుంటోంది. అప్పటినుంచీ కరెంటు పోగానే మొదట స్విచ్ వెనక్కి లాగి, తర్వాత ప్లగ్గు పీకుతా. మళ్ళీ కొనేటప్పుడు చెయ్యి వదలగానే ఆగిపోయే స్విచ్ ఉన్నది తీసుకో, కరెంటు తిరిగొచ్చినా తనంతట తాను మొదలుకాని రకాలు కూడా ఉన్నాయి. గుంట కట్ట మీద నేల ఎప్పుడూ తడే కాబట్టి బోర్డులో 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించుకో, అతుకులేసిన వైర్లతో లాగకు.

లుంగీ వద్దు. భుజం మీద తువ్వాలూ వద్దు. ఎండాకాలం ఒళ్ళు కాలిపోతుందని నాకూ తెలుసు, రోహిణి కార్తెలో నేనూ ఇదే ఊళ్ళో ఉంటా, కానీ వదులు గుడ్డ ఒక్క కొస బిళ్ళకి అందితే అది చుట్టుకుని మెషిన్‌ని నీ కడుపు దాకా తెస్తుంది. నీకు లుంగీ ఒకటే చిరిగింది, అది నీ పుణ్యం. ఒంటికి పట్టిన మందపు కాటన్ ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, బూట్లు వేసుకో. సిల్కులాంటి నైలాన్ బట్టలకి నిప్పురవ్వలు పడితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. చెవులకి ప్లగ్గులు పెట్టుకోవడం ఎవరికీ అలవాటు లేదు, నాకు ఈ మధ్యే అర్థమైంది ఎందుకు పెట్టుకోవాలో, ఇంట్లో టీవీ సౌండు నేనే పెంచుతుంటే.

కంటి సంగతి విడిగా. నిప్పురవ్వ కంట్లో పడిందంటే అది వేడి ఇనుము, నల్లగుడ్డు మీద అతుక్కుని ఒకరోజులోనే చుట్టూ తుప్పు మరక కడుతుంది. నలపొద్దు, చీర కొంగుతో తుడిపించుకోవద్దు, అగ్గిపుల్లతోనో నాలుకతోనో తీసే పెద్దమనుషుల దగ్గరికి అసలు పోవద్దు. మెడికల్ షాపులో చుక్కలు అడిగి వేసుకోవడం కూడా అంతే, నొప్పి తెలియకుండా చేసే చుక్కలు రోజూ వాడితే కన్నే పాడవుతుంది. కంటి డాక్టర్ మైక్రోస్కోపులో చూసి ఐదు నిమిషాల్లో తీసేస్తాడు. బిళ్ళ ముక్క లేదా తీగ వేగంగా వచ్చి తగిలి చూపు మసకేస్తే లోపలికే దిగిందేమోనని అనుమానించు, ఆ కంటిని నొక్కకుండా కట్టి వెంటనే తీసుకుపో. ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయించుకోవాల్సి వస్తే కంట్లో ఇనుప ముక్క పడిన సంగతి ముందే చెప్పు, ఆ మెషిన్‌లోని అయస్కాంతం దాన్ని కదిలిస్తుంది.

రవ్వలు ఎటు పోతున్నాయో చూసుకునే కోయి. జనరేటర్ పక్కన డీజిల్ డబ్బా, మేత బస్తాలు, గడ్డివామి, చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ, ఇవేవీ వరసలో ఉండకూడదు. గాజు మీద, టైల్స్ మీద పడ్డా అవి కరిగి అతుక్కుని తర్వాత తుప్పు చుక్కలవుతాయి, నీ బండి అద్దం జాగ్రత్త. పని అయ్యాక కనీసం అరగంట ఆ చోట కనిపెట్టుకుని ఉండు, మేత బస్తాలో కనబడకుండా రాజుకున్న నిప్పు వెంటనే పొగ కూడా చూపించదు. డీజిల్ లేదా థిన్నర్ డ్రమ్మును సగానికి కోసి తొట్టి చేద్దామని ఎప్పుడన్నా అనిపిస్తే ఆ ఆలోచన మానుకో. ఖాళీ డ్రమ్ములో నూనె ఉండదు గానీ ఆవిరి ఉంటుంది, అది బాంబే.

ఆఖరున రాయి, టైల్స్. నువ్వు అడగలేదు, కానీ డైమండ్ బ్లేడు వేస్తే ఇదే మెషిన్‌తో ఇంటి గచ్చు కూడా కోయొచ్చు కదా అని నీకు ఎవడో ఒకడు చెబుతాడు. కోయొచ్చు. చీమకుర్తి ఫ్యాక్టరీల్లో రాయిని నీళ్ళు కారుస్తూ కోయడం చూసే ఉంటావు, బ్లేడు చల్లబడాలనీ, దుమ్ము లేవకూడదనీ. మన గ్రైండర్‌తో పొడిగా కోస్తే ఆ దుమ్మంతా నీ ఊపిరితిత్తుల్లోకే. టైల్, కాంక్రీట్, గ్రానైట్ దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టించి మళ్ళీ బాగుపడనివ్వదు. ఇప్పుడు వంటగది గట్లకి క్వార్ట్జ్ అని వస్తోంది చూడు, ఫ్యాక్టరీలో చేసే రాయి, అందులో సిలికా 90 శాతం దాకా ఉండొచ్చు. దాన్ని కోసే కుర్రాళ్ళు చిన్న వయసులోనే జబ్బు పడుతుంటే ఆస్ట్రేలియావాళ్ళు 2024 జూలై 1 నుంచి ఆ రాయి తయారీ, వాడకమే నిషేధించారు. గ్రైండర్ మీద నీళ్ళు పోస్తే షాక్ కొడుతుంది కాబట్టి ఆ పని దానికి తగిన మెషిన్ ఉన్న మేస్త్రీకి అప్పజెప్పు. ఏదో ఒక టైల్ అయితే ఆరుబయట, గాలి వెనకనుంచి వచ్చేలా కూర్చుని, ఎన్95 మాస్కు పెట్టుకుని కోసేయి. చేతిరుమాలు కట్టుకోవడం మాస్కు కాదు.

అమ్మకి ఏం చెప్పాలి? మెషిన్ అమ్మొద్దు, నీ పనికి అది కావాలి. గార్డు పోయుంటే నీ మోడల్‌దే అడిగి కొను, దొరక్కపోతే కంపెనీ సర్వీసు సెంటర్‌కి మెషిన్ నంబరు పంపితే తెప్పిస్తారు, ఎవరో రేకుతో చేసిచ్చింది వద్దు. హ్యాండిల్, గార్డు, షీల్డ్, ఈ మూడూ అమ్మ ముందు పెట్టి, చెక్క బ్లేడు ఆమె కళ్ళ ముందే వైస్‌లో పెట్టి వంచేయి. అన్నం వండుతుంది. బావమరిదికి మాత్రం ఓ మూడు నెలలు మెషిన్ చేతికివ్వకు.